కిటికీ పక్కన పెట్టిన టమాటా నారు ఎందుకు నిలవలేదు?

మీరు అడిగింది ఇదీ. వసంతం మొదట్లో ట్రేలో టమాటా విత్తనాలు వేసి కిటికీ గట్టు మీద పెట్టారు. మూడు వారాలకు గానీ మొలకలు కనబడలేదు, అవీ సగమే. వచ్చినవి దారాల్లా సాగి, పాలిపోయి, అద్దం వైపు వాలిపోయాయి. కొన్ని ఒక్క రాత్రిలో కాడ మొదలు దగ్గర నొక్కుకుపోయి పడిపోయాయి. బతికిన పది మొక్కల్ని పెరట్లో నాటితే రెండో రోజుకే ఆకులు తెల్లబడి కాగితంలా ఎండాయి. విత్తనాలు మంచివి కావా, లోపం మీలోనే ఉందా, ఇకనుంచి నారు కొనుక్కోవడమే మేలా అని అడిగారు.

కొనుక్కోవడంలో తప్పేమీ లేదు గానీ, మీరు విత్తడం మానుకోవాల్సిన పని లేదు. విత్తనాలు చెడ్డవైతే మూడు వారాల తర్వాత కూడా సగం మొలిచేవి కావు. మీరు చెప్పిన నాలుగు నష్టాలకూ మూలం దాదాపు ఒకటే. విత్తిన రోజు నుంచి నాటిన రోజు దాకా ట్రే అదే గట్టు మీద ఉండిపోయింది. టమాటాకు ఆ రెండు నెలల్లో మూడు వేర్వేరు చోట్లు కావాలి. విత్తనానికి వేడి కావాలి, వెలుగుతో దానికి పని లేదు. మొలక పైకి వచ్చిన క్షణం నుంచి వెలుగు కావాలి, వేడి కాస్త తగ్గాలి. నాటే ముందు ఎండనూ గాలినీ కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. ఇరవై ఏళ్ళుగా ప్రతి వసంతంలోనూ నారు పోస్తున్నాను. నా ట్రేలలో పోయిన మొక్కల్లో ఎక్కువ భాగం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చడంలో ఆలస్యం చేసినందుకే పోయాయి.

ముందు తేదీ సంగతి చూద్దాం. టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా పడమటి అంచున ఉన్న ఆండీస్ పర్వత ప్రాంతం. గడ్డకట్టే చలిని ఓర్చుకునే గుణం దానికి లేదు. 10 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగితే ఎదుగుదల ఆగిపోతుంది, సున్నాకి చేరితే ఒక్క రాత్రిలో నల్లబడి చచ్చిపోతుంది. అందుకని చలి ప్రాంతాల వాళ్ళు తమ దగ్గర మామూలుగా ఆఖరి మంచు ఎప్పుడు పడుతుందో చూసుకుని, అక్కడి నుంచి 6 నుంచి 8 వారాలు వెనక్కి లెక్కపెట్టి ఇంట్లో విత్తనం వేస్తారు. గడ్డకట్టే చలి ఎరగని వెచ్చటి చోట లెక్క వేరు. అక్కడ భయం రాబోయే ఎండాకాలంతో. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24, 25 దగ్గరే నిలిచిపోతే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. చెట్టు పచ్చగా ఏపుగానే ఉంటుంది, కాయ మాత్రం నిలవదు. విత్తిన నాటి నుంచి మొదటి పూతకు రెండు, రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, ఆ వేడి మొదలయ్యే నాటికి కాయలు పట్టి ఉండేలా వెనక్కి లెక్కపెట్టుకోవాలి. అలాంటి చోట నారు కూడా 4, 5 వారాలకే నాటడానికి సిద్ధమవుతుంది.

తొందరపడి మరీ ముందు వేయకండి. పది, పన్నెండు వారాలు చిన్న కుండీలో ఉండిపోయిన మొక్క వేళ్ళు చుట్టలు చుట్టుకుని గిడసబారుతుంది, కుండీలోనే పూతకొస్తుంది. దానికన్నా రెండు వారాలు ఆలస్యంగా వేసి, ఒక్క రోజు కూడా ఆగకుండా పెరిగిన మొక్క నేలలో దిగాక దాన్ని దాటిపోతుంది. ఇది నేను పక్కపక్కన నాటి చూసుకున్న విషయం.

విత్తనం గురించి ఎక్కువ చెప్పను. గ్రాముకు సుమారు మూడు వందలు తూగుతాయి, ఇంటి తోటకు చిన్న ప్యాకెట్ చాలు. చల్లగా, పొడిగా దాచితే నాలుగైదు ఏళ్ళు బాగానే మొలుస్తాయి. పాత ప్యాకెట్ మీద అనుమానం ఉంటే పది గింజలు తడి కాగితపు టవల్ మీద పరిచి, మడిచి, కవర్లో పెట్టి వెచ్చని చోట ఉంచండి. పది రోజుల్లో ఏడెనిమిది మొలిస్తే నిశ్చింతగా వేయవచ్చు. నాలుగే మొలిస్తే ఒక్కో గుంటలో రెండేసి వేయండి. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే అది హైబ్రిడ్, అంటే రెండు రకాల్ని కలిపి పుట్టించిన మొదటి తరం విత్తనం. ఆ పండు నుంచి తీసిన విత్తనం వేస్తే మొక్క వస్తుంది, కాయ వస్తుంది, కానీ తల్లి మొక్క లాంటి కాయే వస్తుందన్న నమ్మకం లేదు. విత్తనం దాచుకోవాలనుకుంటే నాటు రకమో, గుణం మారకుండా వచ్చే ఇంకో రకమో ఎంచుకోండి.

మీ పెరట్లో పండిన పండు నుంచి గింజలు తీయవచ్చా అని కూడా అడిగారు. తీయవచ్చు. గింజ చుట్టూ ఉండే జిగురు పొరను మాత్రం వదిలించాలి. మొలకను ఆపే గుణం ఆ జిగురులోనే ఉంది. అది లేకపోతే పండు లోపలే గింజలు మొలిచేవి, మరీ మాగిన పండు కోసినప్పుడు ఒక్కోసారి తెల్లటి మొలకలు కనబడేది కూడా అందుకే. గింజల్ని రసంతో సహా గ్లాసులో వేసి, కొంచెం నీళ్ళు పోసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. పైన తెట్టు కడుతుంది, పుల్లటి వాసన వస్తుంది. అప్పుడు జల్లెడలో వేసి ధారగా నీళ్ళు పోసి కడిగి, పళ్ళెంలో పల్చగా పరిచి నీడలో ఆరబెట్టాలి. కాగితం మీద ఆరబెడితే అతుక్కుపోతాయి. అడవి టమాటాల్లో ఈ అడ్డు ఇంకా గట్టిగా ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ రిక్ పసిఫిక్ మహాసముద్రంలోని గలపగోస్ దీవుల టమాటా గింజలు మామూలుగా మొలకెత్తక మొండికేస్తుంటే, అక్కడి పెద్ద తాబేళ్ళకు తినిపించి చూశారు. తాబేలు కడుపులోంచి బయటపడ్డ గింజలు చక్కగా మొలిచాయి. ఆ సంగతి 1961లో ప్రచురించారు. మన గ్లాసులో రెండు రోజుల పులుపు చేసే పనీ అలాంటిదే అనిపిస్తుంది నాకు.

ఇక మట్టి. పెరటి మట్టి ట్రేలో వేయకండి. నేలలో మంచి మట్టి అయినా చిన్న గుంటలో పోస్తే నీళ్ళు పడ్డాక గట్టిపడి గాలి ఆడదు, దానితో పాటు తెగులూ వస్తుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), మెత్తటి వర్మిక్యులైట్ లేదా పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) కలిపిన నారు మిశ్రమం చాలు. మొలకెత్తడానికి ఎరువు అక్కర్లేదు, మొదటి వారం పది రోజులకు సరిపడా తిండి గింజలోనే ఉంటుంది. కోకోపీట్ ఇటుకగా వచ్చేదైతే నానబెట్టి, నీళ్ళు మార్చి ఒకటి రెండుసార్లు కడగండి, కొన్నింటిలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది. మిశ్రమాన్ని ట్రేలో నింపే ముందే తడపాలి. గుప్పిట్లో పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కారకూడదు. గింజను అర సెంటీమీటరు లోతున, మించితే ఒక సెంటీమీటరు లోతున వేసి పైన పల్చగా కప్పి వేలితో మెల్లగా అదమండి. ఈ అదమడం చిన్న పనే కానీ మానకండి. మిశ్రమం గింజను అంటిపెట్టుకుని ఉంటేనే తడి అందుతుంది, మొలక పైకి వచ్చేటప్పుడు రాపిడికి గింజ తొక్క కిందే ఊడిపోతుంది.

ఇప్పుడు మీ మూడు వారాల ఆలస్యం. టమాటా గింజ మొలవడానికి పట్టే కాలం దాదాపు పూర్తిగా మట్టి వేడి మీదే ఆధారపడి ఉంటుంది. 25 నుంచి 30 డిగ్రీల మధ్య అయితే ఆరు రోజులు. 20 డిగ్రీలైతే ఎనిమిది. 15 డిగ్రీలైతే రెండు వారాలు. 10 డిగ్రీలకు దిగితే ఆరు వారాల దాకా పడుతుంది, అందులో చాలా గింజలు ఈలోపే కుళ్ళిపోతాయి. 35 దాటినా మళ్ళీ మందగిస్తుంది. ఇక్కడ గమనించాల్సింది గది వేడి కాదు, గింజ ఉన్న చోట వేడి. తడి మట్టి నుంచి నీరు ఆవిరవుతున్నంత సేపూ అది గది కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగానే ఉంటుంది. దానికి తోడు రాత్రి పూట అద్దం పక్కన గాలి ఇంకా చల్లబడుతుంది. గదిలో 20 ఉందని మీరు అనుకుంటున్నప్పుడు గింజ 14, 15లో ఉండి ఉంటుంది. మూడు వారాలు పట్టడంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

కాబట్టి విత్తిన ట్రేను కిటికీ దగ్గర పెట్టకండి. ఇంట్లో ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడ పెట్టండి. ఫ్రిజ్ పైన, నీళ్ళ హీటర్ పక్కన, అల్మరా పై అరలో, ఎక్కడైనా సరే, చీకటైనా ఫర్వాలేదు. పైన పారదర్శకమైన మూతో, ప్లాస్టిక్ కవరో కప్పితే ఆవిరి బయటకు పోదు, దాంతో మట్టి చల్లబడదు, ఆరిపోదు. మొలకల కోసం ప్రత్యేకంగా, ట్రే కింద పరిచే, కరెంటుతో వెచ్చబడే హీట్ మ్యాట్‌లు దొరుకుతాయి. ప్రతి ఏడూ వేసే ఉద్దేశం ఉంటే కొనదగ్గ వస్తువే. కొన్నా కొనకపోయినా ఒక చిన్న థర్మామీటరు మాత్రం మట్టిలో గుచ్చి చూడండి. మొదటిసారి చూసినప్పుడు నేను అనుకున్నదానికీ అది చూపించినదానికీ ఆరు డిగ్రీల తేడా ఉంది.

అయిదో రోజు నుంచి పొద్దునా సాయంత్రం మూత ఎత్తి చూస్తూ ఉండండి. మొదట ఆకు కనబడదు. మట్టిలో సన్నటి పగులు, ఆ పగులులో వంగిన వీపులా తెల్లటి, కాస్త ఊదారంగు తిరిగిన కాడ కనబడుతుంది. తల ఇంకా లోపలే ఉంటుంది. లేత ఆకులు రాపిడికి చిరగకుండా మొక్క వీపును ముందు తోసుకుంటూ వస్తుంది. కొన్ని గంటల్లో ఆ వంపు మెల్లగా నిటారై రెండు పొడుగాటి బీజదళాల్ని, అంటే గింజలోనే ఉన్న తొలి జత ఆకుల్ని, పైకి లాగుతుంది. సాయంత్రం వంపుగా చూసింది తెల్లారేసరికి నిలబడి, రెండు రెక్కలు విప్పుకుని ఉంటుంది. అప్పటి దాకా చీకట్లో వెచ్చగా ఉన్న ట్రే ఆ వంపు కనబడ్డ పూటే వెలుగులోకి రావాలి. రేపు చూద్దాంలే అనుకుంటే పన్నెండు గంటల్లో కాడ రెండు మూడు సెంటీమీటర్లు సాగిపోతుంది, సాగింది మళ్ళీ పొట్టిది కాదు. అన్నీ మొలిచే దాకా ఆగకండి. మూడో వంతు వస్తే చాలు, హీట్ మ్యాట్ తీసేయండి, మూత తీసేయండి, దీపం కిందకు మార్చండి. వెనకబడినవి అక్కడే వస్తాయి.

కొన్నింటికి గింజ తొక్క టోపీలా తల మీద ఇరుక్కుని బీజదళాలు విచ్చుకోవు. లాగకండి. ఒక చుక్క నీళ్ళు వేసి పావుగంట నానితే మెత్తబడుతుంది, అప్పుడు చిటికెన వేలి గోటితో తడితే ఊడొస్తుంది. రాకపోతే మళ్ళీ తడిపి సాయంత్రం దాకా ఆగండి.

వెలుగు విషయంలో మన కళ్ళు మనల్ని మోసం చేస్తాయి. గదిలో చదువుకోవడానికి సరిపోయే వెలుగు మొక్కకు చీకటితో సమానం. కిటికీ దగ్గర కూడా వెలుగు ఒక్క వైపు నుంచే, రోజులో కొన్ని గంటలే వస్తుంది. అది చాలక మొక్క వెలుగును వెతుక్కుంటూ కాడను సాగదీస్తుంది. ఆ సమయంలో గది వెచ్చగా కూడా ఉంటే సాగడం రెట్టింపవుతుంది. మీ నారు దారాల్లా అయింది ఇందుకే. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు పక్కపక్కన బిగించి, మొక్కల తలలకు 10, 15 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీయండి. మొక్క పెరిగే కొద్దీ దీపాన్ని పైకి జరపాలి కాబట్టి గొలుసుకో తాడుకో కట్టుకోండి. మొక్కల కోసమే తయారు చేసిన శక్తిమంతమైన దీపాలైతే ఇంకా ఎత్తులో ఉండాలి. చెయ్యి మొక్క తల ఎత్తున అర నిమిషం పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే దీపం మరీ దగ్గరుందని అర్థం. రోజుకు 14 నుంచి 16 గంటలు వేసి, రాత్రి ఆర్పేయండి. ఎంత ఎక్కువైతే అంత మంచిదని రాత్రంతా వేసి ఉంచకండి. చాలా మొక్కలు ఓర్చుకుంటాయి గానీ టమాటా ఎడతెగని వెలుగును భరించలేదు, ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కుతాయి. ఒక టైమర్ పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

వెలుగు పెరిగిన చోట వేడి తగ్గాలి. మొలిచాక పగలు 20 నుంచి 24, రాత్రి 16 నుంచి 18 డిగ్రీలు టమాటా నారుకు హాయి. రాత్రి కాస్త చల్లగా ఉంటే కాడ పొట్టిగా, లావుగా వస్తుంది. రోజుకోసారి అరచేత్తో నారు తలల మీదుగా మెత్తగా నిమరండి, ఒక నిమిషం చాలు. బయట గాలి చేసే పనే అది. కదలికకు మొక్క కాడను గట్టిపరుచుకుంటుంది, ఎత్తు తగ్గించుకుంటుంది. దీన్ని శాస్త్రవేత్తలు కొలిచి చూశారు కూడా. చిన్న ఫ్యాన్ దూరంగా, తక్కువ వేగంతో పెట్టినా ఫలితం ఉంటుంది. నిమిరిన చేతికి టమాటా ఆకు వాసన అంటుకుంటుంది. నాకు వసంతం అంటే ముందు గుర్తొచ్చేది ఆ వాసనే. పొగాకు వాడేవారు మాత్రం ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొగాకు మొజాయిక్ వైరస్ చేతుల మీదుగా టమాటాకు అంటుకోగలదు.

ఇక కాడ మొదలు దగ్గర నొక్కుకుపోయి పడిపోయిన మొక్కల సంగతి. దాన్ని నారుకుళ్ళు తెగులు అంటారు. పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులు మట్టి గీత దగ్గర లేత కాడను కొరికేస్తాయి. పడిపోయిన మొక్కను వేళ్ళతో పట్టుకుని దగ్గరగా చూస్తే పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, మట్టికి ఆనిన చోట మాత్రం కాడ నీరు పట్టినట్టు గోధుమరంగులో నూలుపోగంత సన్నబడి ఉంటుంది. అలా పడ్డది తిరిగి లేవదు. మందు వేసి బతికించే ప్రయత్నం చేయకండి. దాన్నీ, దాని చుట్టూ ఉన్న మట్టినీ తీసి పారేయండి, మిగతా ట్రేను ఆరనివ్వండి. దాల్చినచెక్క పొడి చల్లేవారు ఉన్నారు, నేను దాన్ని నమ్ముకోను. నమ్ముకోదగింది పొడి ఉపరితలం, కదిలే గాలి, కడిగిన ట్రే. పోయినేడు వాడిన ట్రేలైతే సబ్బుతో రుద్ది కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపిన దానిలో పది నిమిషాలు ముంచి, మళ్ళీ మంచి నీళ్ళతో కడగండి.

నీళ్ళు రోజూ ఒక వేళకు పోయాలన్న నియమం పెట్టుకోవద్దు. ట్రేను చేత్తో ఎత్తి చూడండి. తడిపిన రోజున ఎంత బరువుందో చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. తేలికగా అనిపించి, పైన రంగు వెలిసినట్టయ్యాక అడుగు పళ్ళెంలో నీళ్ళు పోయండి. గుంటలు కింది చిల్లుల్లోంచి పీల్చుకుంటాయి. అరగంట తర్వాత మిగిలిన నీళ్ళు పారబోయండి. ఇలా చేస్తే కాడ చుట్టూ మట్టి పొడిగా ఉంటుంది, వేళ్ళు నీటి కోసం కిందకు దిగుతాయి. మరీ చల్లటి నీళ్ళు వద్దు, గది వేడిలో ఉన్నవి చాలు. నారు పెంచేవాళ్ళలో ఎక్కువమంది నీళ్ళు తక్కువ పోసి చంపరు, ఎక్కువ పోసే చంపుతారు. ఒక పూట కాస్త వాడినా టమాటా మొలక తేరుకుంటుంది.

బీజదళాల తర్వాత వచ్చే గరుకు అంచుల ఆకులే అసలు టమాటా ఆకులు. అవి రెండు నుంచి నాలుగు వచ్చాక ఒక్కో మొక్కనూ పది సెంటీమీటర్ల కుండీలోకి మార్చండి. ఈ మార్పిడిలో టమాటాకు ఒక గొప్ప వీలుంది. దాని కాడ పొడుగునా వేళ్ళు వేయగలదు. కాడ మీద నూగులాంటి వెంట్రుకల మధ్య అక్కడక్కడా చిన్న తెల్లటి బొడిపెలు కనబడతాయి, అవి వేరు మొగ్గలు, మట్టి తగిలితే చాలు వేళ్ళుగా దిగుతాయి. అందుకే బీజదళాల కింద దాకా కాడను పాతిపెట్టండి. కొంచెం సాగిన నారుకు ఇదే వైద్యం. వంకాయకో మిరపకో ఇదే వైద్యం చేసి ఇంతే ఫలితం ఆశించకండి. మొక్కను ఎత్తేటప్పుడు ఆకు పట్టుకోండి, కాడ పట్టుకోవద్దు. ఆకు చిరిగితే ఇంకో ఆకు వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. చెంచా కాడతో కింద నుంచి మట్టితో సహా లేపితే వేళ్ళు తెగవు.

అప్పటి నుంచి కొంచెం తిండి. ద్రవ ఎరువు ఏదైనా ప్యాకెట్ మీద రాసిన మోతాదులో నాలుగో వంతు నుంచి సగం దాకా, వారానికొకసారి చాలు. మిశ్రమంలోనే వర్మీకంపోస్టు కలిపి ఉంటే అదీ అక్కర్లేకపోవచ్చు. ఆకుల అడుగున ఊదారంగు కనిపిస్తే వెంటనే ఎరువు డబ్బా తీయకండి. వేళ్ళు చల్లగా ఉన్నప్పుడు భాస్వరం పీల్చుకోలేక కూడా ఆ రంగు వస్తుంది, మొక్కను కాస్త వెచ్చని చోటుకు మారిస్తే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి.

ఇప్పుడు మీకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించిన నష్టం. ఎనిమిది వారాలు సాకిన మొక్కలు రెండు రోజుల్లో పోవడం ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. ఇంట్లో పెరిగిన ఆకు పల్చగా ఉంటుంది, పైన మైనపు పొర సరిగా కట్టి ఉండదు. నేరుగా ఎండలో పెడితే కాలి తెల్లటి మచ్చలు పడతాయి. నీళ్ళు ఎన్ని పోసినా లాభం ఉండదు, అది దాహం కాదు, ఎండదెబ్బ. నారు గట్టిపడటానికి 7 నుంచి 10 రోజులు ఇవ్వాలి. మొదటి రోజు నీడలో, గాలి మరీ కొట్టని చోట గంటో రెండు గంటలో ఉంచి లోపలికి తెచ్చేయండి. రోజూ ఓ గంట రెండు గంటలు పెంచండి. మూడు నాలుగు రోజులు గడిచాక పొద్దుటి ఎండ చూపించండి, మధ్యాహ్నపు ఎండ చివరికి. ఆఖరి రెండు రాత్రులు, చలి 10, 12 డిగ్రీలకు దిగదని నమ్మకం ఉంటే, బయటే ఉంచండి. ఆ రోజుల్లో నీళ్ళు కొంచెం తగ్గించవచ్చు గానీ వాడిపోనివ్వకండి. బయట గాలికి చిన్న కుండీ ఇంట్లో కన్నా ఎంతో త్వరగా ఆరిపోతుంది, కాబట్టి మధ్యాహ్నం ఒకసారి చూసి రావాలి. గట్టిపడిన మొక్క చూడగానే తెలుస్తుంది. ఆకు ముదురు పచ్చగా, తాకితే మందంగా ఉంటుంది, కాడ ఊదారంగు తిరుగుతుంది. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు శనివారం మొదలుపెడితే మొదటి రెండు రోజులూ దగ్గరుండి చూసుకోవచ్చు.

నాటే నాటికి మొక్క 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున, పెన్సిలు లావు కాడతో ఉంటే చాలా బాగున్నట్టు. మట్టి 15 డిగ్రీలకన్నా వెచ్చబడాలి, రాత్రి గాలి 10కి పైనే నిలవాలి. చల్లటి నేలలో ముందు నాటిన మొక్క ముందు కాయదు, అక్కడే బిగుసుకుని నిలబడిపోతుంది. మబ్బు పట్టిన రోజైనా, సాయంత్రమైనా చూసుకుని నాటండి. కింది ఆకులు తుంచేసి, పై నాలుగైదు ఆకులు మాత్రం బయట ఉండేలా లోతుగా పాతండి. మొక్క బాగా పొడుగైతే నిలువు గుంట అక్కర్లేదు. పల్లంగా చిన్న కాలవ తీసి కాడను పడుకోబెట్టి తల మాత్రం పైకి వంచి మట్టి కప్పండి. పై మట్టి వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ వేళ్ళు త్వరగా వస్తాయి. పూత వచ్చి ఉంటే మొదటి గుత్తి గిల్లేయండి. మొక్కకూ మొక్కకూ 45 నుంచి 60 సెంటీమీటర్లు వదలండి. ఊత కర్ర నాటిన రోజే పాతండి, తర్వాత పాతితే వేళ్ళు తెగుతాయి. తీగలా ఎదుగుతూనే పోయే రకాలకు మనిషెత్తు కర్ర కావాలి, గుబురుగా ఒక ఎత్తుకు ఆగే రకాలకు నడుమెత్తు చాలు. రాత్రిళ్ళు నేల దగ్గర కాడను కొరికేసే పురుగు మీ పెరట్లో ఉంటే, అట్టముక్కను గొట్టంలా చుట్టి సగం మట్టిలో, సగం పైన ఉండేలా ఒక్కో కాడ చుట్టూ పెట్టండి. మొదలు దగ్గర ఎండుగడ్డి కప్పడం మంచిదే, కానీ నేల వెచ్చబడ్డాకే కప్పండి, ముందే కప్పితే చలిని కిందే పట్టి ఉంచుతుంది.

నాటిన మూడు నాలుగు రోజులు మధ్యాహ్నం తలలు వేలాడేస్తాయి. సాయంత్రానికి లేస్తుంటే కంగారు పడకండి, వేళ్ళు కొత్త మట్టిలో కుదురుకుంటున్నాయి. పొద్దునే కూడా వాడి ఉంటే నీళ్ళు పోయండి. వారం పది రోజులు ఏమీ ఎదగనట్టే ఉండి, ఒక రోజు కొస చిగురు లేత పసుపుపచ్చగా మెరుస్తూ కనబడుతుంది. అక్కడి నుంచి దాని పరుగు దానిదే.

ఈ ఏడు మీకు ఇంకా సమయం ఉంది. ప్యాకెట్‌లో గింజలు మిగిలాయన్నారు కదా, ఈ రాత్రే పదింటిని తడి కాగితంలో మడిచి వెచ్చని చోట పెట్టండి. అవి మొలిచే లోపు దీపం ఎక్కడ వేలాడదీయాలో చూసుకుని, టైమర్ బిగించి, ట్రేలు కడిగి ఆరబెట్టుకోండి. కాగితంలో మొలిచిన వాటిని పారేయకండి. తెల్లటి వేరు గోరంత రాగానే, వేరు కొస విరగకుండా గింజను పట్టి ఎత్తి, వేరు కిందకు ఉండేలా మిశ్రమంలో పెట్టండి. మొదటి మొక్కలు అవే అవుతాయి. మీ ఇంట్లో ఏ మూల ఎంత వెచ్చగా ఉందో, మట్టిలో థర్మామీటరు ఎంత చూపిస్తోందో రాయండి, దాన్ని బట్టి ట్రే ఎక్కడ పెట్టాలో చెబుతాను.